తాడు కట్టని గది

శనివారం పొద్దుటి కార్యక్రమంలో గందరగోళానికి ఎక్కడా చోటు లేదు. పంతులమ్మ దాన్ని బడిలో పాఠానికి ప్రణాళిక వేసుకున్నంత పకడ్బందీగా వేసింది. బస్సెక్కి ఊళ్ళో పాత వీధులున్న వైపు వెళ్ళాలి. అక్కడ ఒకే వీధిలో ముగ్గురు ప్రముఖుల ఇళ్ళున్నాయి. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు గనక ఇళ్ళని మ్యూజియంలుగా మార్చారు, ఎవరైనా లోపలికి వెళ్ళి చూడవచ్చు. ముందు గాయకుడి ఇల్లు, తర్వాత శాస్త్రవేత్త ఇల్లు, ఆఖరున నవలా రచయిత ఇల్లు. తోడుకి నర్సమ్మ. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటినుంచీ పంతులమ్మ ఏ కొత్త పనికి వెళ్ళినా నర్సమ్మ పక్కన ఉండాల్సిందే.

నిజానికి మొదటి రెండు ఇళ్ళూ సాకు మాత్రమే. మూడో ఇంట్లో పంతులమ్మకి పని ఉంది. ఈ నెలాఖరుకి ఆమె బడి నుంచి రిటైరవుతోంది. ఆ సంగతి బడివాళ్ళకంటే ముందు కోడలు గుర్తుపెట్టుకుంది. మనవరాల్ని చూసుకునే ఆయాని ఇక రావద్దని కూడా చెప్పేసింది. మనవరాలికి మూడేళ్ళు. ఇంట్లో అందరూ దాన్ని సుడిగాలి అంటారు, ముద్దుగా కాదు, హెచ్చరికగా. మనవరాలంటే పంతులమ్మకి ప్రాణమే. కానీ ప్రాణం ఒంట్లో ఉండటం వేరు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒళ్ళో గెంతుతూ ఉండటం వేరు.

అలాంటి సమయంలో రచయితగారి ఇంట్లో ఉద్యోగం ఖాళీ అయిందని తెలిసింది. వచ్చినవాళ్ళకి ఇల్లు చూపిస్తూ, ఆయన గురించి చెప్పే మనిషి కావాలట. ఆయన నవలలు పంతులమ్మకి కంఠతా వచ్చు. ఇవాళ సందర్శకులకి ఆమే ఇల్లు చూపించాలి. ఆ ఇంటిని నడిపే ట్రస్టు అధ్యక్షురాలు, అంటే రచయితగారి చెల్లెలు, స్వయంగా వచ్చి వింటుంది. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే సుడిగాలి.

"మీ కోడలికి చెప్పావుటే?" బస్సులో నర్సమ్మ అడిగింది.

"చెబితే ఇంకేమైనా ఉందా? ఉద్యోగం చేతికొచ్చాక చెబుతా. ముందే చెబితే మావాడు బుంగమూతి పెడతాడు, అది కళ్ళనీళ్ళు పెడుతుంది, నేను కరిగిపోతాను. నా సంగతి నాకు తెలీదూ?"

"అయినా నీకు రాకపోతే ఇంకెవరికొస్తుందే ఆ ఉద్యోగం? ఆయన తుమ్మితే ఏ పేజీలో తుమ్మాడో కూడా చెబుతావు."

"అది కాదే నా భయం." పంతులమ్మ స్నేహితురాలి చేతులకేసి చూసింది. "నా భయమంతా ఇవి."

ఆ భయానికి కారణముంది. నర్సమ్మ పెద్దాసుపత్రి మగవాళ్ళ వార్డులో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. పెద్ద డాక్టరు రౌండ్సుకి వచ్చేలోపు వార్డులో ఒక్క దుప్పటి ముడతపడి ఉన్నా ఆమెకి ఊపిరి ఆడేది కాదు. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు ఆమెని వదల్లేదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు వాళ్ళ పక్కలు సర్ది, తర్వాత చేతులు కడుక్కుంటుంది. ఒకసారి పరుపుల దుకాణంలో ఆమె మంచాలన్నీ సర్దేస్తే, అక్కడి మేనేజరు కొత్తగా చేరిన మనిషనుకుని ఆలస్యంగా వచ్చినందుకు చీవాట్లు పెట్టాడు.

అనుకున్నంతా గాయకుడి ఇంట్లోనే అయింది. ఆయన పడగ్గదికి అడ్డంగా ఎర్ర తాడు కట్టి ఉంది. పంతులమ్మ గోడమీద ఫొటోలు చూస్తూ వెనక్కి తిరిగేసరికి నర్సమ్మ తాడు మీంచి నడుం దాకా వంగి, మహాగాయకుడి దిండుని రెండు చేతులతో దబదబా దులుపుతోంది. కాపలామనిషి ఈల ఊదుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఒసేయ్! తాడు కనబడటంలా?" బయటికి లాక్కొచ్చి పంతులమ్మ పళ్ళు కొరికింది. "తాడు కట్టారంటే ఏంటి అర్థం? ముట్టుకోవద్దని!"

"దిండు ఒక పక్కకే కుంగిపోయిందే. మెడ పట్టేస్తుంది."

"ఎవరికే? ఆయన పోయి ఎన్నేళ్ళయిందో!"

"అందుకేనేమో," అంది నర్సమ్మ.

పంతులమ్మ నడివీధిలో ఆమె చేత ఒట్టు పెట్టించుకుంది. తాడు కట్టి ఉన్న చోట చెయ్యి పెట్టకూడదు. నర్సమ్మ మనస్ఫూర్తిగా ఒప్పుకుంది. నియమం స్పష్టంగా ఉంటే పాటించడం ఆమెకి తేలికే. తాడుంటే ముట్టుకోకూడదు. అంతేగా.

శాస్త్రవేత్త ఇంట్లో ఆమె మాట నిలబెట్టుకుంది. చేతులు వెనక కట్టుకుని, ప్రతి వస్తువునీ పైనుంచి కిందిదాకా చూస్తూ, తాడు కనబడ్డ చోటల్లా దీర్ఘంగా నిట్టూరుస్తూ నడిచింది. అక్కడి సిబ్బంది ఆమెని తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని, వెళ్ళేదాకా లేచి నిలబడే ఉన్నారు.

నవలా రచయిత ఇల్లు వీధి మలుపులో ఉంది. మెట్ల దగ్గర, ఆ ఇంటి బాగోగులు చూసే క్యూరేటరు కనిపించాడు. పీలగా, పాలిపోయి, మాటిమాటికీ నుదురు తుడుచుకుంటూ ఉన్నాడు. ఆయనకి పెళ్ళి లేదని, ఆ ఇంట్లోనే ఎక్కడో ఒక గదిలో ఉంటాడని, ఆ ఇల్లే ఆయన సంసారమని పంతులమ్మ దారిలోనే చెప్పింది.

"రండి రండి. పెద్దావిడ ఇంకా రాలేదు. వచ్చాక గుంపులో కలుస్తారు, మీరు మొదలుపెట్టేయండి," అన్నాడాయన.

"బాత్రూమ్ ఎటండీ?" అంది నర్సమ్మ. 

"వెనకవైపు మెట్లెక్కితే పైన ఎడం పక్క. పైన అసలు గాలాడదండీ, చచ్చిపోతున్నాం. కాస్త తలుపులవీ తెరిచి ఉంచండి."

నర్సమ్మ వెళ్ళిపోయాక క్యూరేటరు పంతులమ్మ చెవి దగ్గరికి వంగాడు. "ఒక్క మాట. పైన ఆయన గదికి ఇవాళ తాడు కట్టలేదు. మా అన్నయ్య గదిలోకి పోవడానికి నాకు తాడు అడ్డమేంటని పెద్దావిడ కిందటిసారి కేకలేశారు. అందుకని విప్పేశాను. జనం లోపలికి పోకుండా మీరు కాస్త చూసుకోండి."

పంతులమ్మ తలూపింది. ఆ క్షణంలో ఆమె మనసంతా తను చెప్పబోయే మొదటి వాక్యం మీద ఉంది. తాడు లేకపోవడానికీ, నర్సమ్మ పైన ఉండటానికీ ఉన్న సంబంధం ఆమె బుర్రకి తట్టలేదు.

నర్సమ్మ బాత్రూమ్ లోంచి బయటికి వచ్చింది. ఎదురుగా ఒక గది తలుపు తెరిచి ఉంది. తాడు లేదు. లోపలికి చూసి అక్కడే నిలబడిపోయింది.

మంచం మీద దుప్పటి సగం కింద వేలాడుతోంది. దిండు అడ్డదిడ్డంగా పడి ఉంది. ఒక చెప్పు గుమ్మం దగ్గర, రెండోది బల్ల కింద. బల్లమీద కాగితాలు చెల్లాచెదురుగా ఉన్నాయి, వాటిమీద తెరిచి పెట్టిన కళ్ళజోడు, పక్కన అడుగున మరక గట్టిపడిపోయిన కాఫీ కప్పు. గోడ గడియారం ఆగిపోయి ఉంది.

'పాపం, క్యూరేటరు గది,' అనుకుంది నర్సమ్మ. 'ఆడదిక్కు లేని మగాడి గది ఇంతకంటే ఎలా ఉంటుంది! కాసేపట్లో అధ్యక్షురాలు వస్తోంది. ఈ గది చూసిందంటే ఈయన ఉద్యోగం గోవిందా. ఈయన పని అయిపోతే మనదాని సంగతి చూసేదెవరు?'

ఆమె చేతులు జోరందుకున్నాయి. పరుపు దులిపింది. దుప్పటి బిగించి, నాలుగు మూలలా పరుపు కిందికి దోపి ఆసుపత్రి మడత పెట్టింది. చెప్పులు జతచేసి మంచం కింద పెట్టింది. కాగితాలన్నీ ఒక్క దగ్గరికి చేర్చి అంచులు తట్టి సొరుగులో పెట్టేసింది. కళ్ళజోడు తుడిచి డబ్బాలో వేసింది. కప్పు బాత్రూమ్ లోకి తీసుకెళ్ళి రుద్ది రుద్ది తోమితే, ఎన్నేళ్ళ మరకో, చివరికి లొంగింది. కూజాలో ఎండిపోయిన పువ్వుల్ని చెత్తబుట్టలో పడేసింది. ఆఖరున కుర్చీ ఎక్కి గడియారానికి కీ ఇచ్చింది. అది రెండుసార్లు మూలిగి, టిక్కుటిక్కుమని నడవడం మొదలెట్టింది. నర్సమ్మ నాలుగు అడుగులు వెనక్కి వేసి చూసుకుంది. ఇప్పుడు ఏ పెద్ద డాక్టరైనా రావచ్చు.

వచ్చింది పెద్దావిడ. కారు వెనక గుమ్మం దగ్గర ఆగడంతో వెనక మెట్లే ఎక్కి, చేతికర్ర మోపుకుంటూ గుమ్మంలో నిలబడింది. వెలుతుర్లోంచి రావడంతో ఆమెకి గది మసకగా ఉంది. ఎదురుగా తన కోసం నిలువుగా నిలబడ్డ ఆడమనిషి మాత్రం కనబడింది. ఉద్యోగానికి వచ్చిన టీచరు ఈవిడే అని పెద్దావిడ అనుకుంది. ఈవిడే అధ్యక్షురాలని నర్సమ్మ సరిగ్గానే అనుకుంది. ఆ గదిలో సరిగ్గా అనుకున్నది అదొక్కటే.

"అప్పుడే పైకి వచ్చేశారా? మంచిది." పెద్దావిడ తలుపు దగ్గరగా వేసి కుర్చీలో కూర్చుంది. "మిమ్మల్ని ఒకటే అడుగుతాను. పుస్తకాల మాటలొద్దు. మనిషిగా ఆయన గురించి మీరేమనుకుంటున్నారు?"

క్యూరేటరు గురించి తనని అడుగుతోందేంటా అని నర్సమ్మ ఒక్క క్షణం తికమకపడింది. అయినా నాలుగు మంచి మాటలు చెబితే పోయేదేముందనుకుంది.

"మనిషి మంచివారండీ. మాట మెత్తన. కాకపోతే కొంచెం శుభ్రం తక్కువ."

"శుభ్రం తక్కువా? మా అన్నయ్యకా?"

నర్సమ్మ నాలిక్కరుచుకుంది. "మీ అన్నయ్యగారా! క్షమించాలండీ, నాకు తెలీదు. మీకంటే చాలా చిన్నవారిలా కనబడితేనూ..."

పెద్దావిడ చేతిలో కర్ర ఆగిపోయింది. "కనబడటమేంటి? ఎక్కడ కనబడ్డాడు?"

"ఇప్పుడేనండీ. కింద మెట్ల దగ్గర. బాత్రూమ్ ఎటో ఆయనే చూపించారు."

గోడమీద గడియారం టిక్కుటిక్కుమంది. పెద్దావిడ అటు చూసింది. అన్నయ్య పోయిన రోజునుంచీ ఆపి ఉంచిన గడియారం నడుస్తోంది. ఆమె నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎలా ఉన్నాడమ్మా?"

ఆరోగ్యం గురించి అడిగితే నర్సమ్మ మొహమాటపడే రకం కాదు. "ఉన్నమాట చెబుతున్నానండీ, ఏమీ బాగా లేరు. ఒంట్లో రక్తమే లేనట్టు పాలిపోయి ఉన్నారు. కళ్ళకింద గుంటలు. నుదుటినిండా చెమట. చూస్తే అన్నం తిని ఎన్నాళ్ళయిందో అనిపించింది."

"అయ్యో అన్నయ్యా! ఏమన్నా అన్నాడా?"

"పైన గాలాడటం లేదన్నారండీ. చచ్చిపోతున్నాం అన్నారు. తలుపులు తెరిచి ఉంచమన్నారు."

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. సరిగ్గా అప్పుడే గడియారం ఠంగుమంది. ఆమె ఉలిక్కిపడి రెండు చేతులూ జోడించింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఊళ్ళో ఉంటూ ఇంత బెంగేంటో నర్సమ్మకి అర్థం కాలేదు. ఇంట్లో ఏదో ఆస్తి తగాదా ఉండి ఉంటుందని సర్దుకుంది.

ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. గుమ్మం అవతల పంతులమ్మ గొంతు. బడిలో వెనక బెంచీ దాకా వినిపించే గొంతు అది.

"అందరూ ఇక్కడే ఆగండి. ఆ తలుపవతల ఉన్నది ఆయన పడుకున్న గది, రాసుకున్న గది. ఆ రోజు పొద్దున్న ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళారు. వీధి చివర గుండె ఆగిపోయింది. అప్పటినుంచి ఆ గదిలో ఒక్క వస్తువు కదల్చలేదు. తీసిన దుప్పటి తీసినట్టే ఉంది. సగం తాగిన కాఫీ మరక కప్పులో అలాగే ఉంది. కళ్ళజోడు ఆయన రాస్తున్న ఆఖరి పేజీ మీద ఇంకా తెరిచే ఉంది. గడియారం కూడా ఆ గంట దగ్గరే ఆగిపోయింది..."

ఒక్కొక్క వాక్యానికీ నర్సమ్మ ఒక్కొక్క మెట్టు కుంగింది. దుప్పటి. కప్పు. కళ్ళజోడు. గడియారం.  అంటే ఇది క్యూరేటరు గది కాదు. అంటే ఈవిడ అన్నయ్య... ఆమె ఓరగా పెద్దావిడకేసి చూసింది. ఆవిడ కళ్ళనీళ్ళతో గడియారానికి నమస్కరిస్తోంది.

సర్దినదంతా మళ్ళీ చెదరగొట్టడం తప్ప దారి లేదు. నర్సమ్మ ఒక్క దూకులో మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి లాగింది. తన చేత్తో తను పెట్టిన మడత, అంత తేలిగ్గా ఊడుతుందా? ఒక పక్క మాత్రమే ఊడింది. ఒక చెప్పు గుమ్మం దగ్గరికి విసిరింది. రెండోది ఏ మూల ఉండేదో గుర్తు రాలేదు. కప్పు చేతిలోకి తీసుకుంది. మరక ఎక్కణ్ణుంచి తెస్తుంది? సొరుగు లాగితే కాగితాలు ఏది మీదిదో ఏది కిందిదో తెలీలేదు.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది పెద్దావిడ.

సమాధానం చెప్పేలోపు తలుపు తెరుచుకుంది.

"చూడండి!" అని చెయ్యి చాచిన పంతులమ్మ, చాచిన చెయ్యి అలాగే ఉంచేసింది. మంచం సగం వార్డులా, సగం యుద్ధభూమిలా ఉంది. మధ్యలో ప్రాణస్నేహితురాలు, చేతిలో తళతళలాడే కప్పు. వెనక నిలబడ్డ సందర్శకులు మునివేళ్ళ మీద లేచి చూస్తున్నారు.

"కాఫీ మరక ఎక్కడండీ?" అన్నాడు వాళ్ళలో టోపీ పెట్టుకున్న ఆయన.

పంతులమ్మ చాచిన చెయ్యి దించేసింది.  ఆమె భుజం మీంచి తొంగి చూసిన క్యూరేటరు కప్పు చూశాడు, ఖాళీ కూజా చూశాడు, టిక్కుటిక్కుమంటున్న గడియారం చూశాడు. "అమ్మా" అని కూడా అనకుండా పడిపోయాడు.

అంతే, నర్సమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఏం చెయ్యాలో తెలిసిన పని ఇదొక్కటే. "జరగండి! అందరూ వెనక్కి! మీరు, టోపీ ఆయన, కాళ్ళు పట్టుకోండి. ఒసేయ్, నువ్వు తల పట్టుకో. మంచం మీదకి!" మహారచయిత మంచం మీద క్యూరేటరు చేరాడు. మహారచయిత దిండు ఆయన కాళ్ళ కిందికి చేరింది. నర్సమ్మ నాడి చూస్తూ గట్టిగా అరిచింది. "గాలాడనివ్వండి! ముందు కిటికీలు తెరవండి!"

"విన్నారా?" పెద్దావిడ లేచి నిలబడింది. "అన్నయ్య చెప్పింది అదే! గాలాడటం లేదని!"

"ఎవరన్నయ్యండీ?" అన్నాడు టోపీ ఆయన, కాళ్ళు వదలకుండానే.

"ఇంకెవరు? ఈ ఇంటాయన! ఈ టీచరుగారికి మెట్ల దగ్గర కనబడ్డాడు!"

సందర్శకులు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. ఒకావిడ ఇదంతా రోజూ వేసే నాటకమనుకుని, చాలా బాగా చేస్తున్నారంటూ చప్పట్లు కొట్టింది. ఇంకొకావిడ నిజమనుకుని ఏడవడం మొదలెట్టింది. వెనక ఉన్నవాళ్ళకి కనబడక, మంచం మీద పడుకున్నది రచయితగారేనా అని అడుగుతున్నారు. ఎవరో అవుననే చెప్పారు.

"టీచరుని నేనండీ," అంది పంతులమ్మ. ఆమె మాట ఆమెకే వినబడలేదు.

పెద్దావిడ నర్సమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "ఇంక ఎవర్నీ చూడక్కర్లేదు. ఈ ఉద్యోగం ఈవిడకే."

పంతులమ్మ గుండె గుభేలుమంది. తను చదివింది, తను నేర్చింది, తను తోడుకి తీసుకొచ్చింది. ఉద్యోగం మాత్రం తోడొచ్చినదానికి! ఎదురుగా సుడిగాలి నోరంతా తెరుచుకుని నవ్వుతున్నట్టు కనబడింది.

"నాకెందుకండీ ఉద్యోగం!" నర్సమ్మ అదిరిపడింది. "నేను ఆయన పుస్తకం ఒక్కటి కూడా చదవలేదు!"

"చదవడం ఎందుకమ్మా? నువ్వు చూశావు!"

"నేను చూసింది ఈయన్నండీ!" నర్సమ్మ మంచం మీది మనిషిని చూపించింది. ఆ మనిషి అప్పుడే కళ్ళు తెరిచాడు. తను ఎవరి మంచం మీద ఉన్నాడో తెలిసి మళ్ళీ మూసుకోబోయాడు. నర్సమ్మ చెంప మీద తట్టింది. "చెప్పండీ, బాత్రూమ్ చూపించింది మీరేనా కాదా?"

"నేనే," అన్నాడాయన నీరసంగా. "తప్పా అండీ?"

"గాలాడటం లేదన్నది?"

"నేనే. పైన ఫ్యాను పాడైంది."

 టోపీ ఆయన మెల్లగా కాళ్ళు వదిలేశాడు. పెద్దావిడ కుర్చీలో కూర్చుండిపోయింది. ఆమె మొహంలోకి చూడటానికి ఎవరికీ ధైర్యం లేదు. పంతులమ్మకి ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. పోయినదెలాగూ పోయింది, వీళ్ళిద్దరి మీదకీ రాకుండా చూస్తే చాలనుకుంది.

"తప్పు నాదండీ," అంది ముందుకొచ్చి. "ఇది నా స్నేహితురాలు. నర్సు. నాకు ధైర్యంగా ఉంటుందని నేనే తీసుకొచ్చాను. క్యూరేటరుగారిని ఏమీ అనకండి. గదికి తాడు లేదని ఆయన నాకు ముందే చెప్పారు. నేను అప్పుడే దీన్ని కిందికి పిలవాల్సింది. నా మొదటి వాక్యం గొడవలో పడి మర్చిపోయాను." ఆమె సగం సర్దిన మంచంకేసి చూసింది. రాసుకొచ్చిన ఉపన్యాసం ఎప్పుడో ఎగిరిపోయింది. నోటికి వచ్చింది చెప్పింది. "కానీ ఒక్క మాట. ఆయన నవలల్లో ఏ ఇంట్లోనూ ఇంత నిశ్శబ్దమైన గది లేదండీ. ఎవరో ఒకరు తలుపు తోసుకుని వస్తూనే ఉంటారు. పిల్లలు కాగితాలు లాగుతుంటారు, వదినలు కేకలేస్తుంటారు, ఎవరో వచ్చి అడక్కుండానే అన్నీ సర్దేస్తుంటారు. అలాంటి మనుషుల్ని ఆయన ఒక్కసారైనా వెక్కిరించలేదు. ఇవాళ ఈ గదిలో జరిగిందంతా చూసి ఉంటే ఆయన కోప్పడేవారు కాదు. కూర్చుని రాసుకునేవారు."

 పెద్దావిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నర్సమ్మ చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ నవ్వుతోంది.

"నిజమేనమ్మా. ఇంటినిండా పిల్లలు. వీపెక్కి తొక్కుతుంటే రాసేవాడు. ఎన్ని పాళీలు విరగ్గొట్టారో! ఒక్కనాడు విసుక్కోలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాకేదో వెలితిగా ఉండేది, ఏంటో తెలిసేది కాదు. గాలాడటం లేదన్నది ఎవరైతేనేం, మాట నిజం. మీరు టీచరన్నారు కదూ? ఉద్యోగం మీదే. ఈ నెల దాటగానే వచ్చి చేరండి."

పంతులమ్మకి నేల మీద కాళ్ళు ఆనలేదు. క్యూరేటరు పడుకునే దణ్ణం పెట్టాడు. సందర్శకులంతా చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళలో సగం మందికి తెలీదు.

"ఒకటే షరతు," అంది పెద్దావిడ. "ఇక ఈ గదికి తాడు వద్దు. ఇక్కడ పసిపిల్లల అలికిడి ఉండాలి. అన్నయ్య గది అంటే అదే మరి. రోజూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇక్కడ ఒక పిల్లో పిల్లాడో ఆడుకుంటూ ఉండాలి. అలాంటి పిల్లల్ని రోజూ పంపేవాళ్ళు ఎవరుంటారో, ఎక్కడ వెతకాలో..."

పంతులమ్మ ప్రమాదం పసిగట్టింది. నర్సమ్మ కాలు తొక్కడానికి కాలు ఎత్తింది కూడా. కానీ నర్సమ్మ పొద్దుటినుంచీ స్నేహితురాలికి చేసిన నష్టమంతా ఒక్క మాటతో పూడ్చేద్దామన్న ఆత్రంలో ఉంది.

"వెతకడమెందుకండీ! దీని మనవరాలుంది కదా! మూడేళ్ళు. బంగారుబొమ్మ. ఒక్క క్షణం ఒకచోట నిలవదు. అలికిడికి అలికిడి!"

"అది... దానికి కుదరదండీ," అంది పంతులమ్మ హడావిడిగా.

"మూడేళ్ళ పిల్లకి కుదరకపోవడమేంటే? పైగా మీ కోడలు ఆయాని మానిపించేసింది అన్నావుగా!"

పెద్దావిడ మొహం వెలిగిపోయింది. "చూశారా, అన్నీ కలిసొస్తున్నాయి! నాన్నమ్మా మనవరాలూ కలిసే రండి."

ఇంటికి వెళ్ళే బస్సులో పంతులమ్మ కిటికీకేసి తిరిగి కూర్చుంది. చాలా దూరం వెళ్ళాక నర్సమ్మ మోచేత్తో పొడిచింది. "ఏమే, ఉద్యోగం వచ్చింది కదా. అలా ఉన్నావేం? సంతోషంగా లేదూ?"

"ఉందే," అంది పంతులమ్మ. "ఏ సుడిగాలి నుంచి పారిపోదామని వచ్చానో, దాన్నే చంకనేసుకుని వెళ్ళాలి, అంతే."

పంతులమ్మ ఇప్పుడు రోజూ సుడిగాలితో సహా ఆ ఇంట్లోనే ఉంటోంది. ఆమె మాట్లాడే గదిలో జనం ఇదివరకటికంటే చాలాసేపు కదలకుండా నిలబడుతున్నారట. రచయితగారి గురించి తెలుసుకోవడానికి కాదు, పంతులమ్మ ఒక్క వాక్యమైనా పూర్తిచెయ్యగలదో లేదో చూడటానికి.